మెల్లకన్ను: పెద్దవారికిని చికిత్స కలదు

మెల్లకన్ను గలవారు ఒక్కరైనను లేని గ్రామము మనలో అరుదు. అయినను దానిని గుఱించి మన రైతులలో వ్యాపించియున్న అభిప్రాయములు ముఖ్యముగ రెండే. మెల్ల అదృష్టచిహ్నమని కొందఱందురు. చిన్ననాడు కుదరనిది పెద్దయైన పిమ్మట కుదరదని తక్కినవారందురు. ఈ రెండును నిజము కావు. మొదటి నమ్మకమువలన బిడ్డలకు సకాలమున చికిత్స జరుగక కన్ను చెడుచున్నది. రెండవ నమ్మకమువలన నలువది, ఏబది యేండ్లవారు బాగుపడుటకు వీలుండియు ఊరకుండుచున్నారు. వీనికంటె ముఖ్యమగు మూడవ సంగతి యొకటి కలదు. ఇంతవరకు చక్కగా నున్న కన్ను పెద్దవయస్సున హఠాత్తుగా ప్రక్కకు పోయినచో అది కంటికి మాత్రమే సంబంధించిన విషయము కాకపోవచ్చును. ఒక్కొక్కప్పుడది ప్రాణాపాయమునకు ముందుగా వచ్చు కబురు. ఈ విషయములను మన సంఘసభ్యులకు విశదపఱచుటకు ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

కాడికి కట్టిన యెద్దుల జతను గుఱించి మన రైతులకు మేము చెప్పవలసినది లేదు. దాపటెద్దు ఒక దిక్కునకును వలపటెద్దు మఱియొక దిక్కునకును లాగినచో సాలు చెడును. కన్నులును అట్టి జతయే. ప్రతి కంటిగ్రుడ్డునకును ఆఱు కండరములు పగ్గములవలె అంటియున్నవి. వానిలో నాలుగు తిన్ననివి, రెండు ఏటవాలుగా నుండునవి. వీనిని నడపుటకు మెదడునుండి మూడు నరములు వచ్చుచున్నవి. ఆఱవ నరము కంటిని చెవివైపునకు త్రిప్పు కండరమును నడపును. నాల్గవ నరము ఒక్క ఏటవాలు కండరమును మాత్రమే నడపును. మిగిలిన నాలుగు కండరముల భారమును, కనుఱెప్పను పైకెత్తు పనియు మూడవ నరమునది. ఇక బండి తోలువాడు మెదడే. రెండు కన్నులును ఒకే వస్తువుపై నిలిచినప్పుడు, వానినుండి వచ్చు రెండు బొమ్మలను మెదడు కలిపి ఒక్కటిగా చేయును. ఆ బొమ్మలకు గల స్వల్పభేదమునుబట్టి వస్తువు ఎంత దూరమున నున్నదో తేల్చును. ఒక పగ్గము బిగిసినను, వదులైనను, దానిని నడపు నరము దెబ్బతినినను, లేక తోలువాడే ఏమఱినను, కన్ను జతనుండి తప్పిపోవును. లోపలికి పోవచ్చును, వెలుపలికి పోవచ్చును, మీదికో క్రిందికో పోవచ్చును. ఇదియే మెల్ల.

కొందఱికి మెల్ల ఎల్లవేళల నుండును. కొందఱికి అలసినప్పుడో, జ్వరము తగిలినప్పుడో మాత్రమే కనబడును. మంచి యెండలో చేనిలో నిలిచి ఒక కన్ను మూసికొని చూచు అలవాటు గలవారిలో కొందఱికి ఇట్టి వచ్చిపోవు మెల్ల యుండును. ఇంటివారు దానిని ఉత్త అలవాటని తలంతురు.

చిన్ననాడు వచ్చిన మెల్లకును, పెద్దయైన పిమ్మట వచ్చిన మెల్లకును పెద్ద భేదము కలదు. శిశువు మెదడు లేతమట్టివంటిది. ఒక కన్ను ప్రక్కకు పోయి రెండు బొమ్మలు వచ్చుచుండగా, మెదడు ఆ కంటి బొమ్మను లెక్కచేయక త్రోసివేయ నేర్చుకొనును. అందువలన బిడ్డకు వస్తువులు రెండుగా కనబడవు. కాని ఈ సౌకర్యమునకు చెల్లింపవలసిన వెల గొప్పది. ఏండ్ల తరబడి వాడబడని ఆ కంటికి మందదృష్టి సంక్రమించును. కన్ను పైకి ఆరోగ్యముగనే యుండును, చూపు మాత్రము రాదు. ఈ మందదృష్టికి చిన్నతనముననే కండ్లజోడు పెట్టి, మంచికంటికి కొంతకాలము గంత కట్టి చెడ్డకంటిచే పని చేయించినచో చాలవఱకు చూపు తిరిగి వచ్చును. ఏడెనిమిది యేండ్లు దాటినకొలది ఫలము తగ్గును. కావున బిడ్డకు మెల్ల కనబడినంతనే అదృష్టమని మురియక కంటివైద్యునకు చూపవలయును. మెల్లతోపాటు కంటిపాపలో తెల్లని మెఱపు కనబడినచో ఒక్కనాడైనను జాగు చేయరాదు. కంటిలో పుట్టు పుండుజాతి గడ్డకు అది గుర్తు కావచ్చును.

ఇట్లు చిన్ననాడు చికిత్స జరుగక పెరిగినవారి సంగతి మాటాడుదము. వీరు లోకము తలంచినంత నిస్సహాయులు కారు. ఒంటికంటితోనే దూరమును కొలుచు నేర్పు వారికి అలవడియుండును. దగ్గఱి వస్తువు దూరపు వస్తువును మఱుగుపఱచుటను, నీడలు పడు తీరును, తల కదల్చినప్పుడు వస్తువులు జరుగు తీరును బట్టి వారు పని నడపుకొందురు. అయినను చేతికందు దూరమున జరుగు పనులలో ఇబ్బంది తప్పదు. సూదిలో దారము ఎక్కించుట, ఇరుకుమూతి సీసాలో పురుగుమందు కొలిచి పోయుట, విసరిన త్రాటిని పట్టుకొనుట మొదలగునవి ఇట్టివి. కన్ను మీదికో క్రిందికో పోయినవారు తలను ఒక భుజముమీదికి వంచి సరిచేసికొందురు. ముప్పది యేండ్లు తల అట్లు వంచినచో మెడనొప్పి రాకుండునా? మెడకు నూనె రాచి, పట్టీలు వేసి విసిగినవారిలో ఒకరిద్దఱికైనను అసలు కారణము కంటిలో నుండుట వైద్యులెఱిగిన విషయమే.

ఇక మాటలతో పొడుచు లోకమునుగుఱించి ఎక్కువగ వ్రాయనక్కఱలేదు. మెల్లకన్నుగలవారికి ఊరు పేరునకు ముందు ఒక పేరు తగిలించును. సంతలో ధర అడిగినప్పుడు అమ్మువాడు వెనుకకు తిరిగి చూచును, తనను గాదనుకొని. సభలలో వీరు క్రిందికి చూచుచు మాటాడుదురు. ఫొటో తీయునప్పుడు ప్రక్కకు తిరుగుదురు. ఆడపిల్లయైనచో పెండ్లిచూపుల మాట చెప్పనేల? ఇది ఉత్త అందమునకు సంబంధించిన చింత యని తేలికగ కొట్టివేయువారితో మేము ఏకీభవింపము. ఎదుటివాని ముఖమును సూటిగా చూచి మాటాడగలుగుట మనుష్యుని వ్యవహారమునకు మూలము. లోపలికి తిరిగిన కన్నును సరిచేసినప్పుడు ఆ వైపున కనబడు మేర కూడ పెరుగును. రహదారిమీద బండి నడపువానికి అది చిన్న లాభము కాదు.

పెద్దలకు చికిత్స లేదను మాట ఎక్కడనుండి వచ్చినది? దీనికి మూలము కేవలము మూఢనమ్మకము కాదు. శాస్త్రమును సగము వినుట. డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజెల్ అను శాస్త్రజ్ఞులు 1960 తరువాతి సంవత్సరములలో పిల్లికూనలపై పరిశోధించి, పుట్టిన కొలదికాలములోనే రెండు కన్నులు కలిసి పనిచేయకున్నచో మెదడులో ఆ రెంటిని కలుపు కణములు తగ్గిపోవునని కనిపెట్టిరి. 1981లో వీరికి నోబెల్ బహుమానము లభించినది. వారు చెప్పినది సత్యమే. కాని, మెదడులో రెండు బొమ్మలు కలియు శక్తి పెద్దయైన పిమ్మట రాదని తలంచినవారు, అయితే కన్నును నిలువుగ నిలుపుటవలన నేమి ప్రయోజనమని మఱియొక అడుగు వేసిరి. ఆ రెండవ అడుగు తప్పు. కన్ను సరియైన స్థానమునకు వచ్చుటవలన ముఖమునకును, మెడకును, చూపుమేరకును, మనస్సునకును కలుగు లాభములు వయస్సుతో పోవు. ఆపరేషనుకు వయస్సు అడ్డు కాదు. డెబ్బది యేండ్లవారికిని చేయుదురు. మొదటి అడుగు సయితము అందఱి విషయమునను అంత గట్టిది కాదు. అమెరికా దేశమున సూజన్ బ్యారీ అను నాడీశాస్త్ర ఆచార్యురాలు పసితనమునుండి మెల్లకన్నుగలది. బాల్యమున ఆపరేషనులు జరిగి కన్నులు పైకి చక్కబడినను, వస్తువుల లోతు ఆమెకు తెలియలేదు. తన 48వ యేట తగిన కండ్లజోడుతోను, క్రమమగు సాధనతోను ఆ చూపు ఆమెకు లభించినది. తన అనుభవమును ఆమె 2009లో గ్రంథముగ ప్రకటించినది. అందఱికి నిట్లు జరుగునని చెప్పుట మోసమగును. కాని తలుపు పూర్తిగ మూసియున్నదనుటయు సత్యము కాదు.

ఇప్పుడు హఠాత్తుగ వచ్చు మెల్లను గుఱించి చెప్పవలయును. పెద్దవాని మెదడు ముదిరిన మట్టి. అది రెండవ బొమ్మను త్రోసివేయ నేర్వలేదు. కావున కన్ను ప్రక్కకు పోయినంతనే ప్రతివస్తువును రెండుగా కనబడును. ఒక దీపము రెండు దీపములగును. చేనిగట్టు రెండు గట్లగును, ఏ గట్టుపై కాలు మోపవలయునో తెలియదు. ఇట్లయినప్పుడు ఇంటిలోనే చేయదగిన పరీక్ష యొకటి కలదు. ముందు కుడికన్ను, తరువాత ఎడమకన్ను అఱచేతితో మూసి చూడుడు. ఏ కన్ను మూసినను వస్తువు ఒక్కటే కనబడినచో, ఒక్కొక్క కంటి చూపు సరిగానే యున్నది, జత తప్పినదని అర్థము. ఒక కన్ను మూసినను తెఱచిన కంటికి వస్తువు రెండుగానే తోచినచో, అది సాధారణముగ శుక్లమువలననో, కంటి అద్దము కుదరకనో కలుగునది. దానికంత తొందర లేదు.

జత తప్పుటకు కారణములనేకములు. మధుమేహము, రక్తపుపోటు గలవారిలో కంటినరమునకు రక్తము తెచ్చు సన్నని నాళము పూడి నరము స్తంభించుట కద్దు. ఇట్టిది సాధారణముగ మూడు నెలలలో తనంతట తగ్గును. కాని తగ్గునుగదా యని చక్కెరను, పోటును పరీక్షింపించుకొనక యుండుట బుద్ధిమంతుల పని కాదు. కంటినరమున జరిగినది రేపు గుండెలోనో మెదడులోనో జరుగవచ్చును. మోటారుసైకిలు మీదినుండి పడి తలకు దెబ్బ తగిలినవారికి నాల్గవ నరము చెడుట కలదు. వారికి క్రిందికి చూచునప్పుడు వస్తువులు ఒకదానిపై నొకటి కనబడును, నిచ్చెన దిగుట కష్టమగును. థైరాయిడు గ్రంథి రోగమున కన్నులు ముందుకు పొడుచుకొనివచ్చి కండరములు బిగిసిపోవును. అట్టివారు చుట్టయు బీడీయు మానవలయును, పొగ ఆ వ్యాధిని హెచ్చించుట స్పష్టముగ తేలినది. ఉదయము బాగుగ నుండి సాయంకాలమునకు ఱెప్ప వాలి రెండుగా కనబడువారికి కండరములు త్వరగ అలయు వేఱొక వ్యాధి యుండును. దానికిని మందులు కలవు. వడ్లపొట్టు పడియో, వరిమొన గ్రుచ్చుకొనియో చిన్ననాడు చూపుపోయిన కన్ను ఏండ్లు గడచినకొలది వెలుపలికి జరుగుటయు మన పల్లెలలో చూచుచున్నదే. ఇందులో మాత్రము తొందరపడవలసినది లేదు.

తొందరపడవలసిన గుర్తులు వేఱు. రెండుగా కనబడుటతోపాటు మునుపెన్నడు ఎఱుగని తలనొప్పియో, ఒక ఱెప్ప వాలి ఆ కంటిపాప పెద్దదగుటయో, మూతి వంకరపోవుటయో, మాట తడబడుటయో, చేయి కాలు పట్టు తప్పుటయో కలిగినచో, కంటి ఆసుపత్రికి గాక నేరుగ పెద్ద ఆసుపత్రికి ఆ గడియనే పోవలయును. మెదడులో రక్తనాళము ఉబ్బుటయో, పక్షవాతమో కావచ్చును.

రైతుకుటుంబములు మఱువరాని కారణము మఱియొకటి కలదు. అది కట్లపాము కాటు. రాత్రి నేలపై పరుండినవానిని కట్లపాము కఱచినచో నొప్పిగాని వాపుగాని అంతగ నుండవు; గాటు సయితము కనబడకపోవచ్చును. అతడు తెల్లవాఱుజామున కడుపునొప్పితో లేచి, ఱెప్పలు బరువెక్కినవనియు, దీపము రెండుగా నున్నదనియు చెప్పును. ఇంటివారు నిద్రమత్తనుకొందురు. అట్లు కాదు, విషము నరముల కొసలను పట్టుచున్నదని గ్రహింపవలయును. ఱెప్పల తరువాత గొంతు, గొంతు తరువాత ఊపిరి. మంత్రము వేయించుటకును, కట్టు బిగించుటకును, గాటు కోయుటకును కాలము వ్యర్థము చేయక పాముకాటు సూదిమందుగల ఆసుపత్రికి వెంటనే చేర్పవలయును.

ఇక చికిత్సలు. కంటి అద్దములతోనే చక్కబడు మెల్ల కొంత కలదు. రెండుగా కనబడువారికి ప్రిజము అను త్రికోణపు గాజును కండ్లజోడులో అమర్చి, కన్ను ఉన్నచోటనే బొమ్మను జరిపి కలుపవచ్చును. మీటరు దూరమున వెలుతురును ఒక సెంటీమీటరు జరుపునది ఒక డయాప్టరు ప్రిజము. మెల్ల ఎక్కువైనచో గాజు దళసరియై బరువగును. అట్టివారికి పలుచని ప్లాస్టిక్ పొరను అద్దముపై అంటింతురు. సముద్రతీరమున దీపస్తంభముల అద్దములను మెట్లుమెట్లుగ చేయు పద్ధతియే దీనికిని ఆధారము. నరము కోలుకొనుచున్న నెలలలో ఇది మిక్కిలి అనుకూలము. అదియు లేనిచో ఒక కంటికి గంత కట్టుకొనుట తక్షణోపాయము. రెండుగా కనబడుచుండగా గంత లేక ట్రాక్టరు నడపుట, తాడిచెట్టు ఎక్కుట, బావిగట్టున నిలుచుట కూడదు. గంత కట్టినను మొదటి దినములలో దూరము తెలియదు గనుక ఈ పనులు మానుటయే మేలు.

బొటులినం అను సూదిమందు ఒకటి కలదు. చెడిన ఆహారములో పుట్టి మనుష్యుని చంపు విషమునే అత్యల్ప పరిమాణమున బిగిసిన కండరములోనికి ఎక్కించి దానిని వదులుచేయుదురు. అమెరికాలో ఆలన్ స్కాట్ అను కంటివైద్యుడు మెల్లకన్ను కొఱకే దీనిని కనిపెట్టి ఉపయోగించెను. 1989లో ఆ దేశ ప్రభుత్వము అనుమతించినది. ముఖముమీది ముడుతలు పోగొట్టుకొనుటకు ధనికులు నేడు పొడిపించుకొను సూది ఇదియే. అది మన మెల్లకంటినుండి పుట్టినదని ఎందఱెఱుగుదురు? దీని బలము సుమారు మూడు నెలలు. అవసరమైనచో మరల వేయుదురు.

ఎక్కువమందికి పనికివచ్చునది శస్త్రచికిత్స. క్రీస్తుశకము ఏడవ శతాబ్దమున గ్రీకువైద్యుడగు పాల్ మెల్లకన్ను బిడ్డలకు రంధ్రములుగల ముసుగు తొడుగుమని వ్రాసెను. వేయేండ్లవఱకు అంతకుమించిన ఉపాయము లేకపోయినది. 1839వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన బెర్లినులో యోహాన్ డీఫెన్‌బాఖ్ అను శస్త్రవైద్యుడు ఏడేండ్ల బాలునికి కంటికండరమును కోసి మెల్లను సరిచేసెను. అప్పటికి మత్తుమందు లేదు. ఈథరు 1846లో, కంటిని మొద్దుబార్చు కొకెయిను చుక్కలు 1884లో వచ్చినవి. ఆ కాలమున కండరమును తెగగోసి విడిచిపెట్టుటచే పలువురికి కన్ను ఎదురుదిక్కునకు పోయెడిది. నేటి పద్ధతి వేఱు. బిగిసిన కండరమును దాని అంటునుండి విడదీసి, కొన్ని మిల్లీమీటర్లు వెనుకకు జరిపి మరల కుట్టుదురు. వదులైనదానిని కొంత కురుచచేసి కుట్టుదురు. పగ్గమును సడలించుట, బిగించుట, ఇంతియే. కుట్లు తమంతట కరగిపోవును. పెద్దవారికి కొన్నిచోట్ల జాఱుముడి వేసి యుంచి, రోగి మేలుకొనిన పిమ్మట కన్నులు ఎట్లున్నవో చూచి ఆ ముడిని సర్ది బిగింతురు. కదలకుండ కూర్చుండి సహకరింపవలెను గనుక పసిబిడ్డలకు దొరకని సౌకర్యమిది; ఇందులో పెద్దవానిదే పైచేయి.

కంటిగ్రుడ్డును బయటికి తీసి బల్లమీద పెట్టి ఆపరేషను చేసి మరల పెట్టుదురని మన ఊళ్లలో గట్టిగ నమ్మువారున్నారు. అది శుద్ధ అబద్ధము. కన్ను తన గుంటలోనే యుండును. పైపొరలో చిన్న గాటు పెట్టి కండరమును అందుకొందురు, కంటిలోపలికి పోరు. సూదితో మొద్దుబార్చియో, పూర్తి మత్తు ఇచ్చియో చేయుదురు. పలువురు ఆనాడే ఇంటికి పోదురు. కండరమును లాగునప్పుడు గుండెవేగము తగ్గు స్వభావము కలదు గనుక, గుండెజబ్బు గలవారు ముందుగనే చెప్పవలయును. ఒక్కొక్కప్పుడు వైద్యుడు మెల్లగానున్న కంటికి గాక మంచికంటికిగాని, రెంటికిగాని ఆపరేషను చేయవలెననును. ఆయన పొరబడెనని బెదరరాదు. జతలో నొకదానిని సడలించినను రెండవది సర్దుకొనును. అయితే ఒక్క కంటికే చూపున్నవారికి సాధారణముగ చూపులేని కంటికే చేయుదురు. ఏ కంటికి, ఎందుకు అని అడిగి తెలిసికొనుట రోగి హక్కు.

ఆశ ఎంతవఱకు ఉంచుకొనవలయునో కూడ చెప్పవలయును. ఆపరేషనువలన కన్ను నిలుచును. చిన్ననాడు పోయిన మందదృష్టి మాత్రము తిరిగి రాదు. ఇది తెలియక పోయినవారే చూపు రాలేదని వైద్యుని నిందింతురు. కొందఱికి ఒక్క ఆపరేషను చాలదు, రెండవది కావలసివచ్చును. కొందఱికి కన్ను సరియైన కొన్నాళ్లవఱకు వస్తువులు రెండుగా తోచును. అది చాలమందికి తగ్గును, మిక్కిలి కొలదిమందికి నిలిచిపోవును. ఆ భయము ఎంతవఱకు కలదో ప్రిజము పెట్టి ముందుగనే పరీక్షింతురు. చూపునకే నష్టము కలుగుట మిక్కిలి అరుదు, అసంభవము కాదు. చూపులేని కన్ను కొన్ని యేండ్లకు మరల ప్రక్కకు జరుగవచ్చును. నరము చెడి క్రొత్తగ మెల్ల వచ్చినవారికి సుమారు ఆఱునెలలు కదలిక లేక స్థిరపడువఱకు ఆపరేషను చేయరు. త్వరపెట్టి ప్రయోజనము లేదు. పసరులు, తేనె, చుక్కలు కంటిలో వేసి మెల్లను మాన్పుదుమనువారిని నమ్మరాదు. పసరువలన నల్లగ్రుడ్డు పుండై చూపే పోవును. దగ్గఱికి చూచునప్పుడు కన్నులు కలియని ఒకానొక దోషమునకు కంటిసాధన నిజముగ పనిచేయును. పెద్ద మెల్లకు సాధన చాలదు.

ఎక్కడికి పోవలయునను ప్రశ్న మిగిలినది. హైదరాబాదులో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రియు, విశాఖపట్టణము, కర్నూలు నగరములలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రులును కలవు. చెన్నపట్టణమున ఎగ్మూరు కంటి ఆసుపత్రి 1819లో స్థాపింపబడి నేటికిని పనిచేయుచున్నది. హైదరాబాదులో 1987లో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్.వి.ప్రసాదు నేత్ర సంస్థకు గ్రామములలో సయితము శాఖలున్నవి. ఆ సంస్థకు పేరిచ్చి ధనమును స్థలమును ఒసగిన ఎల్.వి.ప్రసాదుగారు చలనచిత్రములచే ప్రసిద్ధులైనను, ఏలూరు దగ్గఱ సోమవరప్పాడులో రైతుకుటుంబమున జన్మించినవారే. మెల్లకు ప్రత్యేకముగ చికిత్స చేయు వైద్యులు ప్రతి ఆసుపత్రిలో నుండరు. కావున మెల్లకన్ను విభాగము ఏ దినమున నుండునో ముందుగ ఫోను చేసి కనుగొనినచో రెండవ ప్రయాణము తప్పును. రాష్ట్రప్రభుత్వ ఆరోగ్యకార్డు తమకు వర్తించునో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడుగక ముందే నగలు తాకట్టు పెట్టుట తగదు. ఇది అందమునకు చేయు పని యని ఎవరైనను కాదన్నచో, రోగమువలన చెడిన అవయవమును సరిచేయుటయని వైద్యునిచే కాగితముపై వ్రాయించుకొనవలయును.

చిన్ననాటి మెల్లకు తొందర లేదు గనుక, రైతు తన పనులనుబట్టి దినము నిర్ణయించుకొనవచ్చును. ఆపరేషను తరువాత రెండుమూడు వారములు కన్ను ఎఱ్ఱగ నుండును, ఇసుక పడినట్లు గరగరలాడును. ఆ దినములలో చుక్కలమందు వేళకు వేయవలయును. కాలువనీరు, చెఱువునీరు, బురద, నూర్పిడి దుమ్ము కంటికి తగులరాదు, బస్తాలు మోయరాదు. కావున కోతలు నూర్పిళ్లు ముగిసి, ఏరువాకకు ఒక నెల గడువుండగా చేయించుకొనుట అనుకూలము. పురుగుమందు కొట్టు పని ఆ నెలలో మఱియొకరికి అప్పగింపవలయును. ఆసుపత్రికి బయలుదేఱునప్పుడు పాత కండ్లజోడును, వాడుచున్న మందుల చీటీలను, మధుమేహపు పరీక్షల కాగితములను తీసికొనిపోవలయును. వానితోపాటు ఇంటిలోని పాత ఫొటోలను, చిన్ననాటిదొకటి, పెండ్లినాటిదొకటి, సంచిలో వేసికొనుడు. కన్ను ఎప్పుడు ప్రక్కకు పోయినదో, తల ఎన్నాళ్లనుండి వంగియున్నదో వైద్యుడు వానిలో చూచి తెలిసికొనును.